బదులు లేని కేక

ధూమ్రకూట రాజ్యంలోకి గుర్రం పోదు, బండి పోదు, ఏనుగు అసలే పోదు. ఆ రాజ్యమంతా నిటారు కొండలు. ఉప్పు కావాలన్నా మనిషి వీపు మీదే రావాలి, ఉల్లిగడ్డ కావాలన్నా మనిషి వీపు మీదే రావాలి. అందుకే పొలిమేర ద్వారం దగ్గర కావలివాళ్ళు వచ్చినవాడి ముఖం చూడరు, వీపు చూస్తారు. మూట ఉంటే మనిషి, లేకపోతే గూఢచారి. గూఢచారిని ఏం చేస్తారో ద్వారం పక్క లోయలో తిరిగే గద్దలకు బాగా తెలుసు.

ఆ ఉదయం ద్వారం ముందు బారులో ఇద్దరు ఉప్పు మోతగాళ్ళు నిలబడి ఉన్నారు. ముందున్నవాడి పేరు సింగన్న. ఇతను నిజంగా మోతగాడే, కాకపోతే ఇన్నాళ్ళూ మోసింది ఉప్పు కాదు, పల్లకి. సౌగంధికాపురం రాజుగారి కొలువులో పదిహేనేళ్ళుగా వెనుక బోయీ. ఇక రెండోవాడు, బుట్ట బరువుకు నడుము వంగిపోయి, దాన్ని ఆపే నుదుటి పట్టీ కళ్ళ మీదికి జారి, దిక్కుతోచక నేల చూపులు చూస్తున్నవాడు సాక్షాత్తూ ఆ సౌగంధికాపుర యువరాజు కనకసేనుడు. పుట్టి ఇరవై రెండేళ్ళయినా ఆయన అరికాలు రాతిని తాకింది స్నానాల గదిలో తప్ప మరెక్కడా కాదు.

వాళ్ళిద్దరినీ అంతదూరం లాక్కొచ్చింది ఒకే పల్లకి. పదకొండు నెలల కిందట యువరాజు చెల్లెలు మందారవల్లి మేనత్త ఇంటి నుంచి ఈ కొండల అంచు వెంబడి తిరిగి వస్తూ ఉంది. పల్లకి కింద నలుగురు బోయీలు, మార్పుకు మరో నలుగురు. అందరికంటే ముందు సింగన్న అన్న పోలన్న. అందరికంటే వెనుక సింగన్న. ముందు బోయీకి దారి కనబడుతుంది, వెనుక బోయీకి పల్లకి తప్ప ఏమీ కనబడదు. కనుక ముందువాడు "కుడిన రాయి" అనో "ముందు గుంట" అనో దారిని కేకవేసి చెబుతాడు. వెనుకవాడు ఆ మాటే తిరిగి పలికి "ఓహో" అంటాడు. అలా అంటే విన్నాడని గుర్తు. పదిహేనేళ్ళలో పోలన్న కేకకు సింగన్న పలకని రోజు లేదు, ఆ ఒక్కరోజు తప్ప.

ఆ రోజు పొలిమేర రాయి దగ్గర సింగన్న వంతు అయిపోయింది. పల్లకి మోతకర్రను, అదే దండెను, మార్పు బోయీ గురవడి భుజానికి అప్పగించి, పక్కకు జరిగి చెమట తుడుచుకుంటున్నాడు. పల్లకి పది అడుగులు ముందుకు పోయిందో లేదో, ఎక్కడినుంచో పొగమంచు దిగింది. అందులోంచి "ముందు గుంట" అని అన్న కేక వినబడింది. వంతు గురవడిది కదా అని సింగన్న ఊరుకున్నాడు. గురవడు పలకలేదు. మంచు విడేసరికి పల్లకి లేదు, మోసేవాళ్ళు లేరు, దారి మీద ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. ఆ పూట పలకనందుకు సింగన్న తనను తాను క్షమించుకోలేదు. అన్నను వెనక్కి తెచ్చుకుంటే తప్ప ఇల్లు చూడనని భార్యతో చెప్పేశాడు.

ఇదంతా ధూమ్రకూటంలో ఉండే మాంత్రికుడు నీహారదంష్ట్రుడి పని అని తేల్చడానికి ఆస్థాన జ్యోతిష్కులకు పది నెలలు పట్టింది. గ్రహాలను కదిలించి చూసే లోపల రాజుగారు మూడు దళాలను పంపారు. మూడూ ఈ ద్వారం దగ్గరే ఆగిపోయాయి. దాంతో కనకసేనుడు ఒకనాటి తెల్లవారుజామున తండ్రికి చెప్పకుండా బోయీల వాడకు వెళ్ళి, సింగన్న గుమ్మం ముందు నిలబడి, తనకు మోయడం నేర్పమని అడిగాడు. సింగన్న తొమ్మిది రోజులు నేర్పాడు.

కావలి నాయకుడు సింగన్న భుజం తడిమాడు. కుడి భుజం మీద వెలక్కాయంత కాయ కాచి ఉంది. ఉప్పు మోసేవాడికి కాయ నుదుట ఉండాలి గానీ భుజాన ఎందుకని నిలదీశాడు. ఇదివరకు కావడి మోసేవాణ్ణని సింగన్న సర్దిచెప్పాడు. నాయకుడు ఊరుకోకుండా కనకసేనుణ్ణి కూచోబెట్టి కాలెత్తి చూశాడు. లేత అరికాలి నిండా నీటిబొబ్బలు.

 సింగన్న మొహం విసుగ్గా పెట్టి, "మా చెల్లెలి మొగుడండి. ఇల్లరికం వచ్చాడు. మా అమ్మ ఆర్నెల్లు నెయ్యి పోసి మేపింది. ఇప్పుడు మొయ్యరా అంటే బొబ్బలు చూపిస్తున్నాడు," అన్నాడు.

కావలివాళ్ళు పకపకా నవ్వారు. ఇల్లరికపు అల్లుడంటే కొండలోనైనా మైదానంలోనైనా లోకువే. అయితే ఎవరి సాయం లేకుండా బుట్టతో లేచి నిలబడమన్నాడు నాయకుడు. కనకసేనుడు రెండుసార్లు లేవబోయి చతికిలబడ్డాడు. మూడోసారి సింగన్న వెనకనుంచి వచ్చి వీపు మీద ఫెడీమని ఒక్కటిచ్చి, "లేవరా, మా చెల్లెలు నీకోసం ఏడవాలా?" అని కసిరాడు. యువరాజు లేచాడు. ద్వారం తెరుచుకుంది.

మలుపు తిరగగానే సింగన్న బుట్ట దించి రాజకుమారుడి కాళ్ళ మీద పడ్డాడు. దెబ్బ కొట్టిన చెయ్యి నరికెయ్యమన్నాడు. ఆ చెయ్యి పోతే ఈ కొండల్లో తనను ఎవరు లేపుతారని కనకసేనుడు అతన్ని పైకి లాగాడు. చెల్లెలు ఏడవడమన్న మాటే తనను లేపిందని మాత్రం చెప్పలేదు.

అక్కడినుంచి మూడు రోజులు వాళ్ళు నడిచిన సీమను ఏ చిత్రకారుడికి చూపించినా కుంచె కింద పెట్టేస్తాడు. పొద్దున గోరోచనం రంగులో ఉన్న శిఖరం మధ్యాహ్నానికి వెండిగా మారి, సాయంత్రానికి నేరేడుపండు రంగుకు తిరిగేది. దేవదారు అడవుల మధ్యనుంచి జలపాతాలు దూకి, నేలను తాకకుండానే తుంపరలై గాలిలో కలిసిపోయేవి. ఊదా పూల తివాచీ మీద కస్తూరి మృగాలు మేస్తూ మనుషుల్ని చూసి తల తిప్పుకునేవి. ఇంత అందం మధ్య ఇద్దరు మనుషులు బుట్టలు మోసుకుంటూ, ఏడుపు దిగమింగుకుంటూ, ఎదుటి రాయి తప్ప మరేమీ చూడకుండా పోయారు.

ఎక్కేటప్పుడు అడుగు చిన్నది వెయ్యాలని, దిగేటప్పుడు మోకాలు బిగబట్టకూడదని సింగన్న నేర్పాడు. ఏటవాలు దారుల్లో తాను ముందు నడుస్తూ దారి కేకవేసి, వెనుక యువరాజు చేత "ఓహో" అనిపించాడు. రెండో రోజుకు ఆ మాట కనకసేనుడి నోట దానంతటదే రావడం మొదలుపెట్టింది. ఒక జలపాతం దగ్గర ఆగినప్పుడు యువరాజు, పల్లకిలో తాను బరువుగా ఉండేవాడినా అని అడిగాడు. దొరవారు నిద్రపోతే బరువు, మెలకువగా ఉంటే కాస్త తేలిక అని చెప్పాడు సింగన్న. మోసేవాడికి తెలుసు కావడి బరువు అన్నది ఊరికే పుట్టిన సామెత కాదు. తన పల్లకి మోసినవాళ్ళలో ఒక్కడి పేరు కూడా ఇదివరకు తనకు తెలియదన్న సంగతి గుర్తొచ్చి కనకసేనుడికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

నాలుగో రోజు ఒక అగాధం అడ్డమొచ్చింది. దాని మీద తీగల వంతెన. కాళ్ళకింద ఒక తాడు, చేతులకు అటొకటి ఇటొకటి. కనకసేనుడు ముందు, సింగన్న వెనుక బయలుదేరారు. సగం దాటాక యువరాజు ఎడమ చేతికింద తాడు మెత్తగా, చల్లగా తగిలింది. ఇంకో అడుగు వేశాడు. తాడు అరచేతిలోంచి మెల్లగా జారడం మొదలుపెట్టింది. ఆ వైపు తాడు ఎప్పుడో తెగిపోయింది. దాని స్థానంలో ఆ గట్టునుంచి ఈ గట్టుకు తాడంత సన్నగా సాగి పడుకున్నది ఒక కొండచిలువ.

సాగిన ఒళ్ళు ముడుచుకుని లావెక్కుతూ తలకాయ లేచింది. తాటిచెట్టు మొదలంత మెడ యువరాజు నడుమును చుట్టి బిగించింది. మొలలో దాచిన కత్తి దాని చుట్టల కింద ఇరుక్కుపోయింది. సింగన్న కేక వేయలేదు, దేవుణ్ణి తలచలేదు. నుదుటి పట్టీ లాగేసి, వీపు మీది బుట్టను రెండు చేతులా ఎత్తి, తెరిచిన ఆ నోట్లోకి, ఆ కళ్ళలోకి మణుగు ఉప్పూ కుమ్మరించాడు. పాము మెలికలు తిరిగి, యువరాజు బుట్టను లాగేసుకుని, అతన్ని వదిలి, బుసకొడుతూ అగాధంలోకి జారింది. జారుతూ జారుతూ తోకతో కుడివైపు తాడును కూడా తెంపింది. ఇక మిగిలింది కాళ్ళకింది తాడొక్కటే. ఇద్దరూ దానికి గబ్బిలాల్లా వేలాడి, చేయి మార్చి చేయి వేస్తూ అవతలి గట్టు చేరారు. వాళ్ళ వెనకే ఆ తాడు కూడా తెగిపోయింది. రెండు బుట్టలూ పోయాయి, తిరుగుదారీ పోయింది. మొలలో కత్తి మాత్రం మిగిలింది.

సాయంత్రానికి ఒక రాతి గుడిసె కనబడింది. ముంగిట్లో ముసలావిడ ఒకత్తె మేకవెంట్రుకలు వడుకుతూ కూచుంది. పేరు సోమిలవ్వ. సింగన్న పంచె ముడతల్లో ఇరుక్కున్న ఉప్పు దులిపితే చిటికెడు అయింది. అది ఆవిడ అరచేతిలో పోశాడు. ఆవిడ దాన్ని నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. ఆ తరవాత వాళ్ళు అడగకుండానే కొర్ర జావ పెట్టింది, అడిగినదానికల్లా జవాబు చెప్పింది.

నీహారదంష్ట్రుడు ఆ పల్లకిని దింపనివ్వకుండా శిఖరం చుట్టూ తిప్పుతున్నాడట. రోజుకొక ప్రదక్షిణం. ఒక్కో చుట్టుకు లోపలున్న పిల్ల ఆయుష్షు కొంత కరిగి వాడికి చేరుతుంది. ఏడాది నిండితే ఆ పిల్ల ఉండదు. ఇంకా పంతొమ్మిది రోజులు మిగిలాయి. పల్లకి రోజూ నడిమధ్యాహ్నం సరిగ్గా ఈ గుడిసె పై దారినే పోతుంది.

"మొదట్లో నలుగురు మనుషులే మోసేవాళ్ళు బిడ్డా. ఒకడు రాలిపోయాడు, ఇంకొకడు రాలిపోయాడు, వానల్లో మూడోవాడూ పోయాడు. ముగ్గురికీ నేనే రాళ్ళు పేర్చాను. వాళ్ళ చోట ఇప్పుడు మంచే మనుషుల్లా నిలబడి మోస్తాంది. ముందువాడొక్కడే ప్రాణమున్నోడు. దారి పొడుగునా అరుస్తానే ఉంటాడు. అరిచి, కాస్త ఆగుతాడు. ఎవరూ పలకరు. మళ్ళీ అరుస్తాడు," అంది సోమిలవ్వ.

ఆ అరుపు ఎలా ఉంటుందని సింగన్న అడిగాడు. చివర కొంచెం సాగదీస్తాడనీ, పాటలా ఉంటుందనీ ఆవిడ చెప్పింది. సింగన్న మోకాళ్ళలో తల పెట్టుకుని గట్టిగా ఏడ్చాడు. అలా సాగదీసేది వాళ్ళ కుటుంబంలో పోలన్న ఒక్కడే.

ఎవరూ ఎందుకు పలకరన్నదీ సోమిలవ్వే చెప్పింది. మాంత్రికుడు కొండవాళ్ళందరినీ నిలబెట్టి ఒక మాట చెప్పాడట. ఆ కేకకు ఎవడు బదులు పలికితే వాడి భుజం మీదికి దండె వచ్చేస్తుంది, అంతవరకూ అరిచినవాడు వదిలిపోతాడు. ఆనాటినుంచి ఆ కొండల్లో ఎవరూ ఎవరినీ కేకవేసి పిలవడం లేదు. తప్పిపోయిన మేకను కూడా నోరు మెదపకుండా వెతుక్కుంటారు.

ఆ మాట వినగానే సింగన్న లేచి నిలబడ్డాడు. అయితే రేపు తాను పలుకుతానన్నాడు. కనకసేనుడు అతని చెయ్యి పట్టి కూచోబెట్టాడు. "నువ్వు పలికితే మీ అన్న బయటపడతాడు. తమ్ముడు మోస్తుంటే చూడలేక రేపు ఆయన పలుకుతాడు, ఎల్లుండి నువ్వు పలుకుతావు. పల్లకి మాత్రం ఆగదు, లోపల నా చెల్లెలు మిగలదు. దాన్ని ఆపే దారి చూద్దాం," అని, పలకనని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

ఆపే దారి చెప్పింది సింగన్నే. గుడిసె పై దారి ఒక పక్క కొండగోడ, ఒక పక్క లోయగా పోతుంది. ఆ దారిని నాలుగు బారల మేర పడగొట్టాలన్నాడు. అన్న వచ్చి చూస్తాడు, గుంట కనబడితే ముందు బోయీ ఒక్క అడుగు కూడా వేయడు, మంత్రమైనా తంత్రమైనా ఆ కాలు లేవదు, నిలబడి "దించు" అని కేక వేస్తాడు అన్నాడు. ఆ నమ్మకం సింగన్న ఒక్కడిది కాదు. బోయీల వాడలో ఎవరినడిగినా అదే చెబుతారు. ముందు బోయీ చూపు తప్పిందని వాళ్ళ ఏడు తరాల్లో ఎవరూ వినలేదు. అందుకే వేరే ఏమీ ఆలోచించలేదు, అవ్వను అడగనూ లేదు. అదే కొంప ముంచింది.

మర్నాడు పొద్దెక్కేసరికి ఇద్దరూ దేవదారు దుంగతో మీట వేసి, దారికి ఆధారంగా ఉన్న బండను పెళ్ళగించారు. బండతోపాటు నాలుగు బారల దారి లోయలోకి కూలింది. కొండగోడను ఆనుకుని అడుగు వెడల్పు అంచు మాత్రం మిగిలింది. కనకసేనుడు కత్తి దూసి ఒక రాతిచాటున నిలబడ్డాడు. సింగన్న గుంటకు ఇవతల గోడ గూటిలో నక్కాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. చలిగాలి కొట్టింది. మలుపు అవతలినుంచి మంచు పాకుతూ రావడం మొదలుపెట్టింది. ఆ మంచులోంచి కేక వినబడింది.

"ఎడమ లోయా..."

కేక ఆగింది. బదులు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగింది. సింగన్న పెదవి కొరుక్కున్నాడు. పలకలేదు.

"కుడిన గోడా..."

పల్లకి కనబడింది. గంటలు నల్లబడి ఉన్నాయి, ఎర్ర పరదా వెలిసిపోయి ఉంది. వెనుక దండెల కింద మూడు తెల్లటి ఆకారాలు నేలను తాకకుండా కదులుతున్నాయి. ముందు పోలన్న. గడ్డం గుండెల దాకా పెరిగింది. ఒకప్పుడు గుమ్మం పట్టని మనిషి, ఇప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. తల ఏమాత్రం వంచకుండా, గుంట వైపే నేరుగా నడిచి వస్తున్నాడు. సింగన్న అతని కాలు ఆగడం కోసం చూశాడు.

"ముందు చదునూ..." అన్నాడు పోలన్న.

అప్పుడు సింగన్న అన్న కళ్ళు చూశాడు. ఉడికించిన గుడ్డు తెలుపులా ఉన్నాయి. పదకొండు నెలలు రెప్పవాల్చకుండా మంచు మీది ఎండలో నడిచిన కళ్ళు. అతను చూసి అరవడం లేదు. తిరిగి తిరిగి పాదాలకు వచ్చేసిన దారిని అప్పజెబుతున్నాడు. నిన్నటి వరకూ ఇక్కడ చదునే మరి.

కనకసేనుడికీ అది అర్థమైంది. కత్తి పారేసి ఎగిరి దండె పట్టుకున్నాడు. మంచు ఆకారం ఒకటి విసిరికొడితే గోడకు తగిలి పడ్డాడు. పోలన్నకు గుంట ఇంకా ఏడడుగులు. అయిదు. మూడు.

"ఓహో, అన్నా, ముందు గుంట!" అని సింగన్న అరిచాడు.

రెప్పపాటులో పోలన్న భుజం మీది దండె సింగన్న కుడి భుజం మీద, ఆ కాయ మీదే వచ్చి కూచుంది. పోలన్న దారి మీద కూలబడ్డాడు. సింగన్న కాళ్ళు వాటంతటవే నడిచాయి. ఆపబోయాడు, ఆగలేదు. నడిచే దిక్కు మాత్రం కాస్త తన చేతిలో ఉంది. గోడకు ఒరుసుకుని, మిగిలిన అడుగు వెడల్పు అంచు మీద మడమలు ఆనించి, పల్లకిని లోయ మీదికి ఒరిగించి ఒక్కో అడుగే దాటించాడు. మంచు బోయీలు గాలిలోనే నడిచారు. ఆ ఒరుగుకు పరదా తొలగింది.

కనకసేనుడు లోపల చూశాడు. దిండుకు ఆనుకుని మందారవల్లి నిద్రపోతూ ఉంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. జుట్టు ముగ్గుబుట్టలా నెరిసిపోయింది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు నానమ్మ చేతుల్లా ముడతలు పడి ఉన్నాయి. ఒకప్పుడు తాను తొడిగిన పచ్చల ఉంగరం ఇప్పుడు ఆ వేలికి వదులై, వేలాడుతూ ఉంది. అతను చెల్లెల్ని పేరుపెట్టి పిలవబోయాడు. అంతలోనే పరదా మళ్ళీ వాలింది.

పోలన్న నేల మీద తడుముకుంటూ, "సింగా, నీ వంతు కాదు కదరా," అన్నాడు.

వెనక్కి తిరగడానికి సింగన్నకు మెడ కదలలేదు. ముందుకు చూస్తూనే, "ఈసారి నాదే అన్నా. నువ్వు మాత్రం పలకొద్దు, నా మీద ఒట్టు," అన్నాడు. అతని నోట సొంతంగా వచ్చిన మాట అదే ఆఖరు. ఆపైన ఆ నోటికి దారి తప్ప మరేమీ చెప్పడం చేతకాలేదు. పల్లకి మలుపు తిరిగింది, మంచు దాని వెంట పోయింది, దారి మీద మళ్ళీ ఎండ కాసింది.

తన పక్కన కూచున్నది యువరాజని తెలిశాక పోలన్న లేచి దండం పెట్టబోయాడు. కాళ్ళు నిలవలేదు. కనకసేనుడు అతన్ని పొదివి పట్టుకుని, సోమిలవ్వ తెచ్చిన జావ గుక్కగుక్కగా తాగించాడు. ముందు తప్పు ఒప్పుకున్నాడు. దారి తామే పడగొట్టామని చెప్పాడు.  పోలన్న, వాడు నన్ను నమ్మి పడగొట్టాడు, వాణ్ణి ఏమని అనను అన్నాడు.

తరవాత మోసే రోజుల్లో మాంత్రికుడి నోట విన్న రహస్యం చెప్పాడు. శిఖరానికి ఉత్తరాన నడుమెత్తు బండ ఒకటి ఉంది. భుజం మార్చుకునేటప్పుడు బోయీలు ఊతకర్రల మీద పల్లకిని ఆన్చినట్టు, మంచు బోయీలు రోజూ ఆ బండ మీద పల్లకిని ఒక్క ఊపిరి సేపు ఆనుస్తారు. ఆ క్షణంలో పల్లకి ఎవరి భుజం మీదా లేనట్టే. అప్పుడు బయటి మనిషి పక్కన నిలబడి "దించు" అంటే, దండె కింద ప్రాణమున్న బోయీ ఒక్కడున్నా చాలు, వాడి చేతులు దించుతాయి. మాంత్రికుడి కట్టు అక్కడితో తెగుతుంది. ఆ మాట తానే అనాలని పోలన్న ప్రతి చుట్టులోనూ చూశాడు. మోసేవాడి నోట అది రాదు. ఆ బండ దగ్గరికి కొండవాళ్ళు ఎవరూ రారు.

మంత్రంతో నడిచే పల్లకి ఒక్క రోజులో శిఖరాన్ని చుట్టేసినా, మామూలు కాళ్ళకు ఆ బండ సోమిలవ్వ చెప్పిన అడ్డదారిన కూడా మూడు రోజుల నడక. పల్లకి బండ మీద ఆనే క్షణాన్ని గుర్తుపట్టగలవాడు పోలన్న ఒక్కడే, అతనేమో మూడు అడుగులు కూడా వేయలేడు. కనకసేనుడు సోమిలవ్వ కట్టెల బుట్ట అడిగి తీసుకున్నాడు. అందులో గొంగళి పరిచి పోలన్నను కూచోబెట్టాడు. దొరవారి వీపు మీద తాను కూచోవడమేమిటని పోలన్న బుట్ట అంచు పట్టుకుని ఏడ్చాడు. నిద్రపోకుండా ఉంటే తేలికగా ఉంటావట, నిద్రపోకుండా దారి చెప్పు అన్నాడు కనకసేనుడు. నుదుటికి పట్టీ బిగించి, ఎవరూ వీపు మీద కొట్టకుండానే లేచి నిలబడ్డాడు.

గుడిసె దాటి ఇంకా పాతిక అడుగులు పోలేదు. శిఖరం పక్కనుంచి గాలిలో సింగన్న గొంతు వచ్చింది.

"కుడిన రాయీ..."

కొండెక్కేటప్పుడు మూడు రోజులపాటు ఆ గొంతుకే పలికిన కనకసేనుడి నోరు దానంతటదే తెరుచుకుంది. బుట్టలోంచి పోలన్న చెయ్యి చటుక్కున వచ్చి ఆ నోటిని మూసింది. తాను పలికితే తమ్ముడు ఈ క్షణమే బయటపడతాడు. ఆ సంగతి పోలన్నకు తెలుసు. ఈ ఒళ్ళు ఇంకొక్క చుట్టుకు ఆగదనీ, తాను పోతే దండె కింద ప్రాణమున్నవాడంటూ ఉండడనీ, ఆ పిల్లను దించేవాడు ఉండడనీ కూడా తెలుసు.

కేక ఆగింది. బదులు కోసం ఆగవలసినంతసేపు ఆగింది. సింగన్న ఇంకొంచెం ఎక్కువే ఆగాడు. పోలన్న రెండో చేత్తో తలగుడ్డ లాగి నోట్లో కుక్కుకుని పళ్ళతో బిగించాడు. అతని కన్నీళ్ళు యువరాజు మెడ మీద పడుతున్నాయి.

"ముందు గుంటా..." అని మళ్ళీ వినబడింది.

కనకసేనుడు ఉత్తరానికి నడిచాడు. పోలన్న పలకలేదు.